మా ఇల్లు మాత్రం కాలలేదు

మార్చి 3, 2001

అబ్బులూ,

ఇది నీ ఐటీఐ నోటుపుస్తకం. ముందు పదహారు పేజీల నిండా నువ్వు గీసిన మోటారు బొమ్మలున్నాయి. మిగతాదంతా తెల్లకాగితమే. పాత పుస్తకాలవాడికి వేసేద్దామని మీ నాన్న మూట కడుతుంటే ఇదొక్కటీ లాగేసి బియ్యం డబ్బా వెనక దాచాను. నాకు సంతకం దాకానే వచ్చని అనుకునేవాడివి కదూ. మూడో తరగతి చదివి మరిచిపోయినదాన్ని, మొన్నామధ్య అక్షరాస్యత బడి పెట్టినప్పుడు మళ్లీ నేర్చుకున్నాను. నేర్పింది ఎవరో ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు.

నిన్నటి నుంచి పడమటి గాలి మొదలైంది. చూరులో ఆకు గలగలమంటోంది. మన వరసలో పన్నెండిళ్లకు పదకొండు తాటాకువే. పడమటి చివర మనది. దాన్నానుకుని తూర్పుగా లోవరాజు స్థలం. ఇప్పుడక్కడ ఇల్లు లేదు, గుంజలు పాతిన గుంటలున్నాయి. ఆ అవతల కాలిన ఆరిళ్లూ మళ్లీ లేచాయి.

మన ఇల్లు మాత్రం కాలలేదు. పోయిన ఏప్రిల్లో నిప్పు లోవరాజు చూరుకి అంటుకుని తూర్పుగా ఏడిళ్లు తినేసింది. మంట ముందుకు పోకుండా ఆకు లాగేద్దామని నువ్వు వాళ్ల కప్పెక్కావు. వాసం విరిగి లోపలికి పడిపోయావు. మన చూరు కొస కూడా నల్లబడలేదు. అదంతా నా శుభ్రత వల్లే అంటారు వరసలో అందరూ.

నేనూ అవునంటాను.


మార్చి 4

పొద్దున్నే వాకిలి ఊడ్చాను. రెండుసార్లు.


మార్చి 12

దండోరా వేశారు. పొద్దున ఎనిమిది దాటాక, సాయంత్రం అయిదు దాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదు. ప్రతి గుమ్మం ముందూ నిండా నీళ్లతో ఒక డ్రమ్ము, తడిపిన గోనెసంచులు రెండు ఉండాలి. వరస మొత్తానికీ మూడు వెదురుగడలకు కొక్కేలు కట్టి ఉంచాలి. ఒక ఇల్లు అంటుకుంటే దాని పక్కింటి కప్పు లాగేయడానికి. లాగేసిన ఇంటికి తరవాత అందరూ తలా మోపు తాటాకు ఇచ్చుకోవాలి. ఇవేవీ కొత్త మాటలు కావు, మీ తాతల నాటివి. ఏటా ఫాల్గుణంలో గుర్తు చేస్తారు, చైత్రంలో మరిచిపోతారు.

నేను మరవను. ఏడింటికే వంట ముగించి పొయ్యిలో నీళ్లు పోస్తున్నాను. పొయ్యిలో నీళ్లు పోయకూడదంటారు, దరిద్రమట. వచ్చే దరిద్రం ఇంకేం మిగిలిందని? గడ్డిమేటు ఇంటి వెనక నుంచి చేలోకి మార్పించాను. మీ నాన్న విసుక్కున్నారు, గేదెకు రోజూ అక్కణ్నుంచి మోయాలని. మోస్తున్నారు.

ఎండుటాకులు కాల్చడం లేదు. పెరట్లో గుంట తీసి పూడ్చేస్తున్నాను. అవతలింట్లో ఉండే నా ఆడపడుచు వరస చిన్నమ్మాయి నిలబడి చూసి, ఇంత కష్టం దేనికొదినా, ఒక్క అగ్గిపుల్లతో పోయేదానికి, అంది. నడుం నొప్పి ఉన్నా ఒంటికి మంచిదే అన్నాను.


మార్చి 26

ఉగాది. పచ్చడి చేశాను. వేపపువ్వు ఎక్కువ పడింది.

చిన్నమ్మాయి పచ్చడి గిన్నె పట్టుకుని వచ్చి చాలాసేపు కూర్చుంది. ఆవిడకి లోవరాజు సంగతి ఎత్తకపోతే తిన్నది అరగదు. ఇప్పుడు చుట్ట మానేశాడట. "కాలిందాకా కాల్చి, ఇప్పుడు మానేసేడు మహానుభావుడు" అంది. ఆ అగ్గి వాళ్ల ఇంట్లోంచి వచ్చిందని ఎవరు మొదట అన్నారో ఎవరికీ గుర్తులేదు. ముందు కాలింది వాళ్ల చూరు. వాడు చుట్ట కాలుస్తాడు. అంతకన్నా ఏం కావాలి? ఆ మర్నాడే పెద్దలు చెప్పేశారు, వరసకి నిప్పు తెచ్చినవాడు వరసలో ఆకు కప్పుకోకూడదని. వాడూ, వాడి పెళ్లాం ప్రసన్నకుమారీ కాలవ గట్టు మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఏడాది నుంచి ఉంటున్నారు. వాళ్లకి పిల్లలు లేరు. ఒక్కొక్కసారి అదే నయం అనిపిస్తుంది, ఒక్కొక్కసారి నా నోట్లో పురుగు పడనూ అనిపిస్తుంది.

అందరికన్నా గట్టిగా అన్నది మీ నాన్న. ఆయన మాటకి బలం ఎక్కువ. కొడుకు పోయినవాడు కదా.

నేనేమీ అనలేదు. ఏడుస్తున్నాను కాబట్టి ఎవరూ నన్ను అడగలేదు.


ఏప్రిల్ 9

తిథి ప్రకారం నీకు ఏడాది నిండింది. బ్రాహ్మణ్ణి పిలిచి చేయించారు. నీ ఫోటోకి దండ వేస్తే ముక్కు దగ్గర దురద పెట్టినట్టు నవ్వుతున్నావు.

వరసంతా భోజనానికి వచ్చింది. ఎండలో పొయ్యి వెలిగించకూడదని తెల్లవారుజామున మూడింటికి లేచి వండాను. పొట్లకాయ కూర బాగుందన్నారు.

చేతులు కడిగే చోట ఒక గోనెసంచి నిండా కొబ్బరికాయలు కనబడ్డాయి. ఎవరు పెట్టారో తెలియదన్నారు. నాకు తెలుసు. గట్టు మీద కొబ్బరిచెట్టు ఒకటే ఉంది, దాని కింద ఎవరుంటారో నాకు తెలుసు. మీ నాన్న సంచి తీసుకెళ్లి కాలవలో గుమ్మరించి, ఖాళీ సంచి తెచ్చి తడిపి గుమ్మం పక్కన వేశారు. పనికొచ్చేది పారేయరు ఆయన.


ఏప్రిల్ 17

ఈ రోజు పెద్ద రోజు. నవ్వొస్తే నవ్వుకో.

అగ్నిమాపక వారోత్సవాలట. టౌను నుంచి ఫైరు ఆఫీసరు గారు జీపులో వచ్చారు. పోయినసారి వచ్చింది ఇంజను, అప్పటికి కాలడానికి ఏమీ మిగల్లేదు. ఈసారి ముందుగానే వచ్చారు, కాకపోతే నీళ్లు తేలేదు, కాగితాలు తెచ్చారు. పంచాయతీ ఆఫీసు వరండాలో మైకు పెట్టి చెప్పారు. ఇంటి చుట్టూ ముప్పై అడుగులు ఎండుగడ్డి లేకుండా చూసుకోవాలి. మన వరసలో ఇంటికీ ఇంటికీ మధ్య నాలుగడుగులుంటే గొప్ప. ఆ మాట చిట్టియ్య బాబాయ్ లేచి అడిగాడు. "ముప్పై అడుగులంటే బాబుగారండి, నేను ఆ చివరింటోళ్ల పడకగదిలో గడ్డి పీకాలండి." అందరూ నవ్వారు. ఆఫీసరు గారూ నవ్వి, ఇచ్చిన కాగితంలో అలాగే ఉందండి అన్నారు.

తరవాత వరస చూస్తానని వచ్చారు. నా డ్రమ్ము, గోనెసంచులు, ఇసక తట్ట, ఊడ్చిన వాకిలి చూసి ఆగిపోయారు. చూశారా, ఇలా ఉండాలి ఇల్లంటే, అని అందరికీ చూపించారు. మన సర్పంచి సత్యప్రసాద్ గారు నా సంగతి చెప్పారు. కొడుకుని అగ్గిలో పోగొట్టుకున్నా వరసని కంటికి రెప్పలా చూసుకుంటోందండి అన్నారు. ఆఫీసరు గారు టోపీ తీశారు. ఆయన మంచివాడు.

తీసిన టోపీ చేత్తో పట్టుకునే లోవరాజు ఖాళీ స్థలం వైపు నడిచారు. గాలి ఎటు వీస్తుందమ్మా వేసవిలో, అని అడిగారు. పడమట నుంచండి అన్నాను. "నిప్పు గాలి వాలుకే పోతుంది. మీది పడమటిల్లు కాబట్టి బతికింది" అన్నారు. మన గోడకీ ఆ స్థలానికీ మధ్య సందులోకి చూసి, ఇక్కడ ఏముండేదమ్మా అప్పుడు, అన్నారు.

ఏమీ లేదండి, శుభ్రంగా ఉంటుందండి, అన్నాను.

రాసుకున్నారు.

పోతూ పోతూ వరసకి అగ్ని కమిటీ అని ఒకటి వేశారు. పెద్ద నేను. ఎర్రగుడ్డా, ఈలా ఇచ్చారు. ఎక్కడ పొగ కనబడినా ఊదాలి.


ఏప్రిల్ 18

ఈల బాగా మోగుతోంది.


ఏప్రిల్ 20

ఏసురాజు ఇంట్లో పదింటికి టీ కాస్తుంటే వెళ్లి ఊదాను. "అత్తా, మా ఆవిడకి నీరసంగా ఉందత్తా, టీ చుక్క" అన్నాడు. నీరసానికి మజ్జిగ మంచిదన్నాను. పొయ్యి ఆర్పించి వచ్చాను. వెనక నుంచి ఎవరో ఈ ఈల కన్నా అత్తగారి పోరే నయం అన్నారు. నన్ను కాదులే.

నేనింత బాగా కాపలా కాస్తుంటే నువ్వు చూడాలి అనిపించింది. మరి నువ్వుంటే ఈ కాపలా ఎందుకు? రాస్తుంటే తెలుస్తోంది ఎంత తిక్క మాటో.


ఏప్రిల్ 22

కాలవ కట్టేశారు. నీళ్లు అడుగంటి పోయాయి. ఏటా ఇంతే కదా, నిప్పు వచ్చే నెలల్లోనే డెల్టాకి నీళ్లు ఆపుతారు. బురదలో కొంగలు దిగాయి. ఈ ఏడు గట్టు బలం చేస్తారట. మే ఏడుకల్లా గట్టు మీద పాకలన్నీ తీసేయాలని కాలవ చూసే లస్కరు వచ్చి చెప్పాడు. ఉన్నది ఒక్క పాకే. లోవరాజుది.

వాడు సత్యప్రసాద్ గారింటికి వెళ్లాడట. నా స్థలంలో నన్ను వేసుకోనివ్వండి, ఆకు కప్పనులెండి, రేకులు ఎవరైనా ఇస్తే రేకులేసుకుంటాను, పొయ్యి కూడా బయటే పెట్టుకుంటాం అన్నాడట. లేకపోతే కొల్లేరు వైపు చేపల చెరువు మీద కాపలాకి పిలుస్తున్నారు, పెళ్లాన్ని తీసుకుని పోవాలి, పోతే ఇక రావడం ఉండదు. ఆదివారం నలుగురూ కూర్చుని తేలుస్తామన్నారు.

మీ నాన్న అన్నం తింటూ, వాడు మళ్లీ మన పక్కన కాపరం పెడితే నేను ఈ ఇంట్లో ఉండను అన్నారు. నీళ్లు పోశాను. గ్లాసు నిండి కంచం పక్కన పడ్డాయి.


ఏప్రిల్ 24

ప్రసన్నకుమారి పంచాయతీ కొళాయి దగ్గర కనబడింది. బిందె నింపుకుంది. పోతూ, "పిన్నిగారూ, గుణింతాలు మరిచిపోలేదు కదండీ" అంది.

నాకు రాత నేర్పింది ఆవిడే, అబ్బులూ. మన వరసలో పదో తరగతి చదివిన ఆడది తనొక్కతే కదా. పలక మీద నా వేలు పట్టుకుని దిద్దించింది. ఎండిన పుల్లలా ఉండేది వేలు. ఇప్పుడు తనే పుల్లలా ఉంది.

లేదమ్మా, మరిచిపోలేదు, అన్నాను.


ఏప్రిల్ 25

ఆ రోజు పొద్దున్నే నేను

కొట్టేశాను. కూర మాడుతోంది.


ఏప్రిల్ 26

మాడలేదు. కూర అప్పటికే దింపేశాను. ఎవరికి అబద్ధం రాస్తున్నాను? ఇది చదివేది నువ్వు కాదు. నువ్వు లేవు.


ఏప్రిల్ 27

వాడి చుట్ట కూడా కావచ్చు కదా. రెండూ కావచ్చు కదా. ఒకే రోజు రెండు నిప్పులు ఉండకూడదని ఎక్కడైనా రాసుందా?


ఏప్రిల్ 29, ఆదివారం

పంచాయతీ వరండాలో కూర్చున్నారు. మగవాళ్లు అరుగు మీద, ఆడవాళ్లం మెట్ల దగ్గర. లోవరాజుని కూర్చోమనలేదు, గేటు దగ్గర నిలబడ్డాడు. మీ నాన్న మాట్లాడారు. నా కొడుకు పోయిన చోట వాడు దీపం పెట్టుకుంటానంటే నేను ఒప్పుకోను, ఆపైన మీ ఇష్టం అన్నారు. ఎవరికీ ఎదురు మాట లేదు. చిట్టియ్య బాబాయ్ మాత్రం, చుట్టయితే నేనూ కాలుస్తాను కదరా, అని గొణిగి ఊరుకున్నాడు.

అప్పుడు నేను లేచాను. నిజంగా లేద్దామని వెళ్లలేదు. కాళ్లు లేచాయి.

"ఆ నిప్పు లోవరాజుది కాదండి. మా చెత్తకుప్పలోది. ఆ పొద్దున సందులో నేనే పెట్టేనండి" అన్నాను.

మీ నాన్న నా వైపు చూడలేదు.

సత్యప్రసాద్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కూర్చోమ్మా మాణిక్యమ్మా. నీ మనసు మాకు తెలీదా? కొడుకుని పోగొట్టుకున్నదానివి, ఇంకోడి కాపరం పోకూడదని నీ మీద వేసుకుంటున్నావు" అన్నారు.

కాదండి, నిజమండి, అన్నాను. నిజమేనమ్మా, నిజమే, అన్నారు, చంటిపిల్లతో అన్నట్టు. చిన్నమ్మాయి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చేసింది. మా వదిన దేవత అంది. నేను విడిపించుకుని మళ్లీ చెప్పాను. ఎంత చెబితే అంత ఏడుపు ఎక్కువైంది. శుభ్రత అంటే తనది, ఆ ఇంట్లోంచి అగ్గి వస్తుందా అని ఒకరు. ఫైరు ఆఫీసరే మెచ్చుకున్నాడు అని ఇంకొకరు. నా మీద నేను చెప్పుకుంటుంటే సాక్ష్యాలన్నీ నా వైపే.

చివరికి తీర్పు ఏమిటంటే, మాణిక్యమ్మ మొహం చూసి లోవరాజుని క్షమించారు. వచ్చి ఇల్లు వేసుకోవచ్చు. తలా మోపు తాటాకు కూడా ఇస్తారు.

అందరూ చప్పట్లు కొట్టారు. గేటు వైపు చూస్తే లోవరాజు లేడు.


ఏప్రిల్ 30

గట్టు మీదికి వెళ్లాను. ఏడాదిలో మొదటిసారి. లోవరాజు పట్టా మడత పెడుతున్నాడు. తట్టాబుట్టా కట్టేసి ఉన్నాయి.

క్షమించారు కదరా, రా, అన్నాను. నాకు ఇంకో మాట దొరకలేదు.

"క్షమిస్తే రాను పిన్నీ. ఏడో తారీకుకి చేపల చెరువుకి పోతన్నాం" అన్నాడు.

నేను చెప్పింది నిజం అన్నాను. వాడు తల ఎత్తలేదు. తాడు ముడి వేస్తూనే మాట్లాడాడు.

"నువ్వు నన్ను కాపాడక్కర్లేదు పిన్నీ. ఆ పొద్దున చుట్ట ఎక్కడ ఆర్పేనా అని ఏడాది నుంచీ గుర్తు చేసుకుంటన్నాను. మొదట్లో గడపకేసి నలిపేననుకున్నాను. తరవాత గోడకేసి అనుకున్నాను. ఇప్పుడు గట్టిగా తెలిసిపోయింది. చూరులోనే దోపేను. ఈ చేత్తోనే."

చెయ్యి చూపించాడు. ఏమీ లేని చెయ్యి.

"అబ్బులు నా కప్పు మీంచి పడ్డాడు పిన్నీ. ఆడు నాకోసం ఎక్కేడు. చుట్ట నాదే" అన్నాడు.

కాదురా అన్నాను. నీకు తెలీదు పిన్నీ అన్నాడు. నాకు తెలీదట.

ప్రసన్నకుమారి పొయ్యి రాళ్లు ఎత్తుతూ మా ఇద్దరినీ చూస్తోంది. తన కళ్లలో నమ్మకమూ లేదు, నమ్మకపోవడమూ లేదు. లెక్క ఆన్సరు ముందే చెప్పేసిన పిల్లని టీచరు చూసినట్టు చూసింది. ఎలా చేశావో చూపించు అన్నట్టు.


మే 1

వాడు చెయ్యనిది వాడికి గుర్తొచ్చింది. నేను చేసింది ఒక్కరూ నమ్మరు.


మే 3

మీ నాన్న ఆదివారం నుంచీ మాట్లాడలేదు. ఈ రోజు మధ్యాహ్నం చేలోంచి వచ్చి కాళ్లు కడుక్కుని, గుమ్మంలో కూర్చున్నారు. నేను తడిపిన సంచులు తిరగేస్తున్నాను.

"నలుగురూ నవ్విపోయేలా అక్కడ అంత అవసరమా?" అన్నారు.

ఎవరూ నవ్వలేదండి, ఏడ్చారు, అన్నాను. మీరైనా నమ్మండి, నేనే పెట్టాను, అన్నాను.

ఆయన కాసేపు వేళ్ల మధ్య మట్టి తీసుకున్నారు. తరవాత అన్నారు. "ఆ సందులో బూడిద ఎవరెత్తేరనుకున్నావు?"

అబ్బులూ, ఆ బూడిద సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ మర్నాడు సందు శుభ్రంగా ఉంది. గాలికి పోయిందనుకున్నాను. లేకపోతే అసలు లేనేలేదేమో అనుకున్నాను. ఏడాదంతా ఆ శుభ్రమైన సందు చూసుకునే నేను బతికాను. నిన్ను ఇంకా ఆస్పత్రి నుంచి తీసుకురాలేదు, అప్పటికే ఆయన పార పట్టుకుని దాన్ని తట్టలకెత్తి చేలో పోసి, సందులో పేడ అలికారు.

నాలుగు తట్టలు అన్నారు. లోపల కొబ్బరి డొక్కలు ఇంకా ఎర్రగా ఉన్నాయి అన్నారు.

"పోయినోడు ఎలాగూ పోయేడు. నువ్వు పెట్టేవని తెలిస్తే ఈ వరసలో మనకి నిలవ నీడుంటదా? ఈ కొంపొకటే మిగిలింది. దాన్నయినా నిలబెట్టుకోవాలి కదా. అందుకే ముందు నేనే అన్నాను ఆడి పేరు." అదీ ఆయన చెప్పింది.

ఒకే కప్పు కింద ఇద్దరం ఏడాది పాటు ఒకరికి తెలియకుండా ఒకరం ఇల్లు కాపాడాం. నేను నీళ్లతో, ఆయన నోటితో. ఎవరినుంచి కాపాడామో?

అయితే వెళ్లి మీరు చెప్పండి, మీ మాట నమ్ముతారు, అన్నాను. లేచి గేదెకు గడ్డి తేవడానికి వెళ్లిపోయారు. గడ్డి పొద్దున్నే తెచ్చారు.


మే 4

ఆయన చెప్పరు.


మే 5

ఈల సత్యప్రసాద్ గారికి ఇచ్చేశాను. ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆయన కుర్చీ వేయించి, విశ్రాంతి తీసుకోమ్మా, నువ్వు ఈ ఊరికి చేసింది చాలు, అన్నారు.

చాలనే నేనూ అనుకున్నాను.


మే 6

రేపు పొద్దునే వాళ్లకి బండి వస్తుందట. అందుకని ఈ పేజీ నీకు కాదు అబ్బులూ. నువ్వు కాస్త పక్కకి జరుగు. నీతో మాట్లాడుతూ రాస్తే నాకు అన్నీ దాచబుద్ధవుతుంది.

ప్రసన్నకుమారీ,

ఎలా చేశానో చూపిస్తున్నాను.

అది పోయినేడు ఏప్రిల్ పందొమ్మిది, బుధవారం. చీకటితోనే లేచాను. అంతకు ముందురోజు సాయంత్రం మా ఆయన పెరట్లో కొబ్బరికాయలు వలిచారు, అరవై దాకా. డొక్కలూ పీచూ గుట్టగా ఉన్నాయి. చూసేవాళ్లు ఏమనుకుంటారు, ఎండాకాలం, నిప్పు పడితే ఎంత ప్రమాదం అని, ఇంటి చుట్టూ ఉన్న పనసాకూ బాదమాకూ ఒక్క పుల్ల లేకుండా ఊడ్చి, డొక్కలతో కలిపి మా గోడకీ మీ గోడకీ మధ్య సందులో పోశాను. నిప్పు అంటుకునే వస్తువు ఇంటి దగ్గర ఉండకూడదని నిప్పు పెట్టాను. ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. నువ్వు నవ్వకు.

గాలి లేవకముందు కాల్చి ఆర్పేస్తే ప్రమాదం లేదని మా అమ్మ చేసేది, నేనూ ముప్పై ఏళ్లు చేశాను. ఆరున్నరకి మంట తగ్గింది. అంట్లు కడిగిన నీళ్లు ఒక బొక్కెన పైన చల్లాను. బుస్సుమని పొగ వచ్చి ఆగింది. పైన నల్లగా తడిగా కనబడింది. ఆకయితే అంతటితో పోతుంది. డొక్క అలా కాదు. లోపల చుట్టలా కాలుతూనే ఉంటుంది, పైకి పొగ కూడా రానివ్వదు. నాకు తెలుసు. పొయ్యిలో నిప్పు నిలవ ఉండాలంటే నేను పెట్టేది డొక్కే. తెలిసీ ఇంకో బొక్కెన పోయలేదు. కొళాయి దగ్గర వరస ఎక్కువగా ఉంది, నీళ్లకి బద్ధకించాను. అంతే. కోపం లేదు, పగ లేదు. ఒక బొక్కెన నీళ్లు.

ఎనిమిదింటికి మీ ఆయన గుమ్మంలో కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. నేను చూశాను. చూరులో దోపలేదు. గడపకేసి నలిపి, పీకని డ్రమ్ము నీళ్లలో ముంచి, రోడ్డు మీదకి విసిరాడు. చేతి మీద తడి లాగుకి తుడుచుకుని చేలోకి వెళ్లాడు. నేను ఆ పీక తొక్కుకుంటూ నీళ్లకి వెళ్లాను. చల్లగా మెత్తగా ఉంది. ఇది నేను దేవుడి మీద కాదు, అబ్బులు మీద ప్రమాణం చేసి రాస్తున్నాను.

పదింటికి గాలి లేచింది. నేను పడుకున్నాను. కుప్ప మీది బూడిద లేచిపోయి లోపలి ఎరుపు బయటపడి ఉంటుంది. చూడలేదు, చూస్తే ఆర్పేదాన్ని. ఒక పీచు ముక్క ఎగిరి మీ చూరులో పడింది. గాలి పడమటిది కాబట్టి అది మీ వైపుకే ఎగిరింది. మా ఇల్లు నా శుభ్రత వల్ల బతకలేదు. గాలి వల్ల బతికింది. కేకలకి లేచేసరికి మీ కప్పు మండుతోంది, మా వాడు కొక్కెం పట్టుకుని అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. నేను దిగరా అనలేదు. త్వరగా లాగరా, మనింటి వైపు లాగకు, అన్నాను. నా కొడుకుతో నేను చివర మాట్లాడింది ఆ మాట.

ఇదంతా ఏడాది ఆగి ఎందుకు చెప్తున్నానంటే, నాకు మంచితనం వచ్చి కాదు. మీ ఆయన తన చేతిలో లేని చుట్టని చూసుకుంటుంటే నాకు భయం వేసింది. అబ్బులుని నేను ఒక్కసారే చంపాను. లోవరాజుని రోజూ చంపుతున్నాను.

ముందు నువ్వు చదువు. తరవాత వాడికి చదివి వినిపించు, డ్రమ్ములో ముంచిన పీక దగ్గర ఆగి రెండుసార్లు చదువు. వాడికి అది గుర్తొస్తుంది, నాకు నమ్మకం. ఆపైన బండి ఎక్కకుండా ఈ పుస్తకం సత్యప్రసాద్ గారికిచ్చి, నలుగురిలో ఈ పేజీ చదవమను. నోటితో చెబితే దేవతనయ్యాను. కాగితం మీద ఉంటే ఆయన చదివి తీరాలి. క్షమించామని వాడితో అనద్దని చెప్పు. క్షమించడానికి వాడి దగ్గర ఏమీ లేదు. మా ఆయనకి ఇంకా చెప్పలేదు, ఇది నీ చేతిలో పెట్టి వచ్చి చెప్తాను. తరవాత వరస మమ్మల్ని గట్టు మీదకి పొమ్మంటే పోతాం. ఇల్లు పోతే పోనీ. దాన్ని కాపాడి కాపాడి నేను అలిసిపోయాను.

ముందు పేజీల్లో మా వాడి మోటారు బొమ్మలున్నాయి. అవి మాత్రం చింపకుండా తిరిగి నాకిప్పించు.

అక్షరం తప్పులుంటే దిద్దుకుని చదువు. ఖాళీ కడుపుతో మాత్రం చదవకు. మూట విప్పి బియ్యం కడుగు, ఇద్దరూ కూర్చుని కడుపునిండా అన్నం తినండి.